అరుదైన మాట ఎవరికి అరుదు?

ఇంగ్లిష్ విషయంలో మన దగ్గర పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: పదిమందికీ తెలియని మాట ఎవరికి తెలిస్తే వాళ్లకే ఇంగ్లిష్ వచ్చినట్టు. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా సాగర్ రోడ్డు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు ఎన్ని ఉన్నాయో, ఈ నమ్మకానికి అక్కడ గిరాకీ అంత ఉంది. కాలేజీ బస్సులో కూచున్న పిల్లల ఫోన్లలో రోజుకో కొత్త మాట దిగుతుంది. వాట్సాప్‌లో పెదనాన్నలు పంపే జాబితాలు సరేసరి. ఇక స్క్రాబుల్ వంటి మాటల ఆటలంటే ఆ నమ్మకానికి పండగే.

ఈ ఆటల గురించి మూడు రకాలుగా మాట్లాడతారు. ఆడితే పిల్లల ఇంగ్లిష్ పెరుగుతుందనేది మొదటి వర్గం. అర్థం తెలియని మాటల్ని బట్టీ పట్టి బోర్డు మీద పేర్చడం చదువేనా అని ముక్కు విరిచేది రెండోది. ఇవన్నీ కాన్వెంటు పిల్లల సరదాలు, తెలుగు మీడియంలో చదివిన ఇబ్రహీంపట్నం పక్క మంచాల పిల్లకో యాచారం పిల్లవాడికో ఎందుకు అని చేతులు దులుపుకునేది మూడోది. వీళ్లు ఒకళ్లతో ఒకళ్లు తగువు పడుతున్నట్టే కనిపిస్తారు. ముగ్గురి కాళ్ల కిందా ఉన్న బండ మాత్రం ఒకటే. అరుదైన మాట అంటే గొప్ప ఇంగ్లిష్ అనే బండ. నా పేచీ దానితోనే.

ముందు గొప్ప మాటల సంగతి చూద్దాం. 2021 మే నెలలో, కోవిడ్ రెండో అల మీదున్న రోజుల్లో, అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ ట్విట్టర్‌లో మందుల పేర్ల మీద విసుక్కున్నారు. నోరు తిరగని ఈ పేర్లు పెట్టడం వెనక, గొప్ప మాటలకు పేరుమోసిన శశి థరూర్ హస్తం ఉందేమోనని చురక వేశారు. నేరం నాది కాదంటూ థరూర్ బదులిచ్చి, అందులోనే ‘ఫ్లాక్సినాసినైహిలిపిలిఫికేషన్’ అనే మాట జారవిడిచారు. దేన్నయినా పూచికపుల్లలా తీసిపారేయడం అని దాని అర్థం. 29 అక్షరాలు. తెలుగు పత్రికలూ టీవీలూ మురిసిపోయాయి. బాగానే ఉంది గానీ, స్క్రాబుల్ బోర్డుకు అడ్డంగా పదిహేను గడులు, నిలువుగా పదిహేను గడులు. ఆ మాట బోర్డు మీద పట్టదు. గొప్ప ఇంగ్లిష్‌కు మనం చూపించే మచ్చుతునక మాటల ఆటలో గుండుసున్నా.

మరి ఆటను గెలిపించేవి ఏవి? రెండక్షరాల పిట్టమాటలు. ఏ పక్కన ఇంకో ఏ పెడితే గరుకుగా గడ్డకట్టిన లావా, హవాయి దీవుల మాట. ఎక్స్ పక్కన యూ పెడితే వియత్నాం చిల్లర నాణెం. జెడ్ పక్కన ఓ పెడితే హిమాలయాల్లో జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన సంకరపశువు. ఓ పక్కన ఈ పెడితే ఫారో దీవుల్లో లేచే సుడిగాలి. ఏ, ఐ పక్కపక్కన పెడితే దక్షిణ అమెరికా చెట్లకు వేలాడే మూడు వేళ్ల స్లాత్, లోకంలోకెల్లా బద్ధకపు జంతువు. (మన కుర్రాళ్ల ఉద్యోగాలు తినేస్తుందని అందరూ భయపడుతున్న ఏఐ వేరు.) కాలిన్స్ స్క్రాబుల్ జాబితాలో ఇలాంటి రెండక్షరాల మాటలు 2019 నాటికి 127 ఉన్నాయి. పోటీలకు వెళ్లేవాళ్లు మొదట నేర్చేది వీటినే. నేర్చాక వాళ్ల ఇంగ్లిష్ సంభాషణ పిసరంతయినా మెరుగుపడదు. హవాయి లావా గురించి హెచ్ఆర్ మేనేజర్ ఏ ఇంటర్వ్యూలోనూ అడగడు.

ఇది నా ఊహ అనుకునేవాళ్లకు నైజెల్ రిచర్డ్స్ ఉన్నాడు. న్యూజిలాండ్ మనిషి. ఇంగ్లిష్ స్క్రాబుల్‌లో ప్రపంచ విజేతగా ఒకసారి కాదు, అయిదుసార్లు నిలిచాడు. 2015లో బెల్జియంలో జరిగిన ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీకి వెళ్లాడు. ఫ్రెంచ్‌లో మాట్లాడటం రాదు. తొమ్మిది వారాలపాటు ఫ్రెంచ్ మాటల జాబితా కళ్లతో మింగి, ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లను ఓడించి వచ్చాడు. 2024లో స్పెయిన్‌లోని గ్రనాడాలో స్పానిష్ పోటీ గెలిచాడు. స్పానిష్ కూడా రాదు. స్క్రాబుల్ ఆడితే భాష వస్తుందన్నది నిజమైతే రిచర్డ్స్ ఈపాటికి పారిస్‌లో ఉపన్యాసాలివ్వాలి. ఇది అక్షరాల కూర్పు, సంభావ్యత, జ్ఞాపకశక్తి కలిసిన ఆట. చదరంగంలో ఏనుగు ఉంది కదా అని ఆడేవాడు మావటివాడు అయిపోడు.

అమెరికా స్పెల్లింగ్ బీ పిల్లల సంగతేమిటి అని నన్ను నిలదీస్తారని తెలుసు. న్యాయమైన ప్రశ్న. తెలుగువాళ్లకు అక్కడ చెప్పుకోదగ్గ చరిత్రే ఉంది. చిట్టూరి రత్నం 1989లో మొదలుపెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ పెట్టే పోటీల్లో తేలి, అక్కడి నుంచి జాతీయ పోటీకి వెళ్లిన భారతీయ మూలాల పిల్లలు ఎందరో. 2018లో కార్తీక్ నెమ్మాని గెలిచాడు. 2024లో నల్లగొండ మూలాలున్న కుటుంబంలో పుట్టిన బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలకు తప్పులేకుండా అక్షరాలు చెప్పి కప్పు తీసుకున్నాడు. వీళ్లను చూపించే కదా మన దగ్గర ‘అరుదైన వెయ్యి మాటలు’ అని పుస్తకాలు అమ్మేది.

ఆ పిల్లలు చేసే పని దగ్గరగా చూడండి. 2013 విజేత అరవింద్ మహంకాళి, హైదరాబాద్ మూలాలున్న న్యూయార్క్ కుర్రాడు, అంతకుముందు రెండేళ్లు జర్మన్ మూలమున్న మాటల దగ్గరే దెబ్బతిన్నాడు. ఆ దెబ్బతో జర్మన్ మాటల్లో ధ్వని ఎలా నడుస్తుందో, ఏ ధ్వనికి ఏ అక్షరాలు వాడతారో పట్టుబట్టి నేర్చుకున్నాడు. మూడో ఏడు గెలిపించిన మాట ‘క్నేడల్’. జర్మన్‌కు చుట్టమైన యిడ్డిష్ నుంచి వచ్చింది. యూదుల వంటలో పులుసులో వేసే పిండి ఉండ. పోటీలో నిలుచున్న పిల్ల మాట వినగానే అడిగే ప్రశ్నలు కూడా అవే: ఇది ఏ భాష నుంచి వచ్చింది, అర్థం ఏమిటి, ఒక వాక్యంలో వాడి చెప్పండి. గ్రీకు మాటకు ఒక పద్ధతి, ఫ్రెంచ్ మాటకు ఇంకో పద్ధతి. ఇదంతా మాటలు దేశాలు దాటినప్పుడు రాతలో వచ్చే మార్పుల శాస్త్రం. జాబితా బట్టీ కొట్టడం దీనిలో ఒక భాగం, అదీ చివరి భాగం. మన కోచింగ్‌వాళ్లు ఆ చివరి భాగాన్ని కోసి తెచ్చి, ఇదే మొత్తం అని అమ్ముతున్నారు.

జీఆర్ఈ కథా ఇదే. బారన్స్ పుస్తకంలోని 3500 మాటల జాబితాను ఒకప్పుడు అమెరికా వెళ్లాలనుకున్న ప్రతి తెలుగు కుర్రాడూ దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. అప్పట్లో పరీక్షలో ఒక మాట ఇచ్చి వ్యతిరేకార్థం గుర్తించమనేవారు. జాబితాకు అక్కడ పని ఉంది. 2011 ఆగస్టులో ఆ ప్రశ్నలు ఎత్తేశారు. వాక్యం ముందూ వెనకా చదివి ఖాళీలో ఏ మాట ఒదుగుతుందో తేల్చమనేవి మిగిలాయి. పదేళ్లు దాటినా జాబితా మాత్రం జిరాక్స్ సెంటర్ల నుంచి కదల్లేదు, పీడీఎఫ్ రూపంలో ఇంకా గట్టిపడింది. ఫైనలియర్ కుర్రాడు దాన్ని చదువుతూ, ప్రాజెక్టు ఆలస్యమైందని గైడ్‌కు నాలుగు వరుసల మెయిల్ రాయడానికి స్నేహితుణ్ని బతిమాలుతుంటాడు. వాడికి కావలసింది మామూలు క్రియలు, మామూలు వాక్యాలు. అరుదైన మాట వాడికి అలంకారంగా కూడా పనికిరాదు, ఎందుకంటే దాన్ని తగిలించే వాక్యం ఇంకా చేతికి రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అరుదు అంటే ఏమిటి? ఎవరి లెక్క ప్రకారం?

స్క్రాబుల్‌లో ఈ లెక్కకు పుట్టిల్లు కూడా తెలుసు. 1930ల మాంద్యంలో పని దొరకని ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ ఈ ఆట తయారుచేశాడు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో తెలుసుకోవడానికి న్యూయార్క్ పత్రికల మొదటి పేజీలు ముందేసుకుని లెక్కపెట్టాడు. ఈ అనే అక్షరం అడుగడుగునా కనబడింది. అందుకే దానికి పన్నెండు బిళ్లలు, ఒక్కోదానికి 1 పాయింటు. క్యూ ఎప్పుడో గానీ కనబడలేదు. ఒకే ఒక్క బిళ్ల, 10 పాయింట్లు. అంటే ఆటలో అరుదు అనేది 1930ల నాటి న్యూయార్క్ పత్రికకు అరుదు. అదే బట్స్ హైదరాబాద్‌లో పుట్టి, ఉర్దూ పత్రిక సియాసత్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని లెక్కపెట్టి ఉంటే క్యూ అంత ఖరీదు పలికేది కాదు.

క్యూ చేతికొచ్చి యూ రాకపోతే ఇంగ్లిష్ ఆటగాడికి చెమటలు పడతాయి. వాళ్ల భాషలో క్యూ వెంట యూ లేకుండా మాట నడవదు. నడిచే మాటలు దాదాపు అన్నీ బయటి నుంచి వచ్చినవే. ఆ బయట ఎక్కడో కాదు. బుర్ఖా, తలాక్, ఫకీర్, ఖిబ్లా, ఖోర్మా, ఖవ్వాలీ, వక్ఫ్. వీటన్నిటికీ కాలిన్స్ జాబితాలో యూ తోడులేని క్యూతో రాసే రూపం ఉంది. ఇంగ్లిష్ పుస్తకాలు వీటిని అరుదైన మాటలని వేరే పేజీలో ముద్రించి, పక్కన అర్థాలు రాసి, కంఠతా పట్టమంటాయి. రంగారెడ్డి జిల్లాలో పెరిగినవాళ్లకు వీటిలో ఏది అరుదు?

పండక్కి బంధువుల ఇంట్లో ఇంటర్ చదివే పిల్లతో నేను స్క్రాబుల్‌కు కూచున్నాను. దాని దగ్గర క్యూ ఇరుక్కుంది. యూ రాదు. రెండు వంతులు వదులుకుని బిళ్లలు మార్చుకుంది గానీ క్యూను మాత్రం విడవలేదు, ఎప్పుడో యూ వస్తుందని ఆశ. అదే గదిలో దాని మేనమామ, ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. “పట్టా భూమా, వక్ఫ్ భూమా, ముందు అది తేల్చన్నా. తర్వాత బయానా సంగతి.” పిల్ల చేతిలో డబ్ల్యూ, ఏ, క్యూ, ఎఫ్ నాలుగూ ఉన్నాయి. నేను కళ్లతో సైగ చేశాను. అది నమ్మలేదు. “అది ఇంగ్లిష్ ఎట్లయితది బాబాయ్? భూమి కేసు కదా!” అంది. రంగు గడుల లెక్క లేకుండానే 19 పాయింట్లు.

ఈ మాటలు చూపిస్తే మూడో వర్గంవాళ్లదీ ఆ పిల్ల ప్రశ్నే. ఇవి ఇంగ్లిష్ మాటలు కావు, ఏదో మర్యాదకు డిక్షనరీలో చోటిచ్చారు అంటారు. మర్యాదకు కాదు, అవసరానికి. శిస్తు వసూలుకు వచ్చిన కంపెనీ దొరలకు ఈ మాటలు తెలియకపోతే ఒక రోజు గడిచేది కాదు. రైతు ఎవరు, జమీందారు ఎవరు, తాలూకా ఎంత, పంట ఏ కారుది, చెరువు కట్ట తెగితే బాగు చేయించాల్సింది ఎవరు, ఇవన్నీ కోర్టు కాగితాలకు ఎక్కాలి. బ్రౌన్ దొర 1852లో వేసిన తెలుగు నిఘంటువు అందరికీ తెలిసిందే. ఆ తర్వాత రెండేళ్లకు, 1854లో, తెలుగులో వాడుకలో ఉన్న మిశ్రభాషా పదాలకూ అన్యదేశ్యాలకూ విడిగా ఇంకో నిఘంటువు వేశాడు. 1855లో విల్సన్ రెవెన్యూ మాటలకూ న్యాయస్థానాల మాటలకూ లావుపాటి కోశం లండన్‌లో అచ్చువేయించాడు. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ కోశం వచ్చింది. అక్కడి నుంచి పెద్ద ఇంగ్లిష్ నిఘంటువుల్లోకి, వాటి నుంచి ఆట జాబితాల్లోకి ఈ మాటలు నడిచాయి. మన పందికొక్కు ఇంగ్లిష్‌లోకి పోయి ‘బాండికూట్’ అయి, ఆ పేరే ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు తగిలించేదాకా వెళ్లింది. మన పొలంలోంచి వెళ్లిన మాటలను వాళ్ల పుస్తకంలో చూసి మనమే జడుసుకుంటున్నాం.

కాలిన్స్ జాబితాలోనే వ్యవసాయం, రెవెన్యూ మాటలు ఏరితే చిన్న సంచి నిండుతుంది. ఖరీఫ్ ఉంది, 16 పాయింట్లు. రబీ ఉంది, 6. (సర్కారు కాగితాల్లో ఇవి వానాకాలం, యాసంగి అయ్యాయి గాని, బ్యాంకుల్లో, ఎరువుల దుకాణాల్లో పాతవి ఇంకా బతికే ఉన్నాయి.) జొన్నల ఉర్దూ పేరు జవార్ ఉంది, జె పుణ్యమా అని 15. రాగి ఉంది, పంచాయత్ ఉంది, లాఠీ, ధర్నా, బంద్ ఉన్నాయి. చెరువు కట్టకు పాత ఇంజినీర్లు వాడిన ‘బండ్’ ఉంది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద నడిచిన పిల్లలకు ఆ వస్తువేమిటో బొమ్మ గీసి చెప్పనక్కర్లేదు. లక్షకు 11 పాయింట్లు, కోటికి 7. సాగర్ రోడ్డులో ప్లాటు ధర చెప్పే ఏజెంటు ఈ లెక్క ఒప్పుకోడు, అది వేరే సంగతి. ఖవ్వాలీని ఏడు బిళ్లలతో ఒక్క వంతులో దించగలిగితే అక్షరాలకు 22, ఏడూ వాడినందుకు 50, మొత్తం 72.

ఇక్కడ నా వాదానికి ఒక హద్దు ఉంది, దాన్ని దాచను. మాట తెలిసినంత మాత్రాన దాని స్పెల్లింగ్ రాదు. 2018లో రైతుబంధు పథకం వచ్చినప్పటి నుంచి ఇంగ్లిష్‌లో రైతును ఆర్, వై, టి, హెచ్, యూ అని రాయడం మన పిల్లలకు అలవాటు. బోర్డు మీద అది చెల్లదు. జాబితాలో ఉన్నది ‘రయట్’, ఆర్, వై, ఓ, టి, పాత దొరల రాత. కానీ ఈ ఇబ్బంది తెలుగువాళ్లదే అనుకోవద్దు. అరవింద్ ‘క్నేడల్’ చెప్పి గెలిచిన మర్నాడే, ఆ ఉండలు చిన్నప్పటి నుంచి తింటున్న న్యూయార్క్ యూదులు, ఆ స్పెల్లింగ్ సరైంది కాదని, మా యిడ్డిష్ పండితులు అలా రాయరని పేచీకి దిగారు. తినేవాడిది ఒక రాత, నిఘంటువుది ఇంకో రాత. ఆటకు నిఘంటువు రాతే కావాలి. అది ఒక సాయంత్రం కూచుంటే నేర్చుకునే పని. మాట ఏమిటో, ఎక్కడ వాడతారో తెలియనివాడు మొదలుపెట్టే చోటు కంటే ఇది చాలా ముందున్న చోటు.

బట్టీ అని ఈసడించే రెండో వర్గానికి కూడా ఒక మాట బాకీ ఉన్నాను. పోటీలో మీరు పేర్చిన మాటకు అర్థం ఎవరూ అడగరు. ఎదుటివాడికి అనుమానం వస్తే సవాలు చేస్తాడు, జాబితాలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే బిళ్లలు వెనక్కి. దీన్ని చూసి ఇదేం విద్య అంటారు. విద్య అని ఎవరన్నారు? నియమం అంటే ఆటకు కట్టిన కంచె. కంచె ఎక్కడ కడితే ఆట అక్కడిదాకా.

అలాంటి కంచె మన దగ్గరా కట్టారు. ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 దాకా ఏలాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాను. ఆయన ఏలుబడిలోనే పొన్నగంటి తెలగన అనే కవి ‘యయాతి చరిత్ర’ రాసి, పటాన్‌చెరు ప్రాంతపు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. సంస్కృత తత్సమాలు వాడనని ఒట్టు పెట్టుకుని రాసిన మొదటి అచ్చ తెలుగు కావ్యం అది. పురాణ కథ, పాత్రల పేర్లన్నీ సంస్కృతం, అయినా పద్యాలనిండా తెలుగు మాటలే దొర్లాలి. ఎంత ఇరుకు గడి! అంత మాత్రాన తెలగనకు సంస్కృతం రాదని ఎవరూ అనలేదు, ఆ కావ్యం చదివితే సంస్కృతం వస్తుందనీ ఎవరూ చెప్పలేదు. అవధానాల్లో దత్తపది ఇచ్చే పృచ్ఛకుడు కాఫీ, టీ, సోడా, బీరు లాంటి మాటలిచ్చి రామాయణార్థంలో పద్యం చెప్పమంటే, అవధాని ఆ అక్షరాల్ని విరిచి, ఇంకో మాటలో కలిపి, అసలు అర్థం గాలికి వదిలేసి పద్యం లాగుతాడు. సభ చప్పట్లు కొడుతుంది. మాటను అర్థం నుంచి విడదీసి వట్టి అక్షరాల ముద్దగా చూసి ఆనందించడం తెలుగువాడికి కొత్త కాదు. ఇంగ్లిష్‌లో చేసేసరికి అది తప్పుగా కనబడుతోందంటే, ఇంగ్లిష్‌ను మనం ఇంకా ఆడుకునే భాషగా చూడటం లేదన్నమాట. దండం పెట్టే భాషగానే చూస్తున్నాం.

అర్థం తెలిస్తే నష్టమా అంటే లేదు, లాభమే. మాట నామవాచకమని తెలిస్తే చివర ఎస్ తగిలించవచ్చని ధైర్యం వస్తుంది. ‘రయట్’ మనిషి కాబట్టి రయట్స్ చెల్లుతుంది. హవాయి లావా అని గుర్తుంటే ఏ, ఏ పక్కపక్కన పెట్టడానికి చెయ్యి వణకదు. స్లాత్ బొమ్మ ఒకసారి చూస్తే ఏ, ఐ మర్చిపోవడం కష్టం. అర్థాలు తెలుసుకోవడం నాకూ ఇష్టమే. ఆ సరదా కోసం నేర్చుకుంటాను. పక్కింటివాళ్ల ముందు పిల్లను నిలబెట్టి ‘ఆ పెద్ద మాట చెప్పు తల్లీ’ అనడం కోసం కాదు.

సర్కారు బడి టీచర్లు ఎవరైనా ఈ ఆట పెట్టాలనుకుంటే, షాపులో దొరికే ‘అసాధారణ పదాలు’ పుస్తకం కొనకండి. బోర్డు కొనండి చాలు. మొదటి జాబితా పిల్లల చేతే రాయించండి: ఇంట్లో, మార్కెట్‌యార్డులో, దర్గా దగ్గర, పట్టాదారు పాస్‌బుక్కు కోసం తిరిగిన ఆఫీసుల్లో విన్న మాటలు. ఒక్కోదాన్నీ నిఘంటువులో వెతికించండి, దొరికినవాటికి అక్కడి స్పెల్లింగ్ పక్కన రాయించండి. సగం దొరకవు, దొరకని సగం మీద పిల్లలు వాదులాడుకుంటారు, ఆ వాదులాట మంచిదే. మండలాఫీసు బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాసిన ‘తహసీల్దార్’ అన్న మాటనయితే వెతకనక్కర్లేదు. తొమ్మిదక్షరాలు, టి, ఏ, హెచ్, ఎస్, ఐ, ఎల్, డి, ఏ, ఆర్. అక్కడున్నది ఉన్నట్టు దించితే చెల్లుతుంది, 13 పాయింట్లు.